గోరంత విమానం

దీని పేరు నాట్. తెలుగులో రాసేసరికి "కాదు" అనే ఇంగ్లీషు మాటలా కనిపిస్తుంది కానీ, ఇంగ్లీషు స్పెల్లింగులో ముందు ఒక "జీ" ఉంది, దాన్ని పలకరు. సాయంత్రం పూట చెరువు గట్టున మొహం చుట్టూ ముసిరే నుసుముకి ఇంగ్లీషులో ఆ పేరు. దీనికి ముందు తయారైన నమూనా విమానం పేరు మిడ్జ్. వేసవి సెలవులకు స్కాట్లండ్ వెళ్ళి వొళ్ళంతా కుట్టించుకుని వచ్చినవాళ్ళకు మిడ్జ్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. యుద్ధవిమానాలకు పులి పేరో, డేగ పేరో, పిడుగు పేరో పెట్టుకుంటుంటే ఒక కంపెనీ ఏరికోరి పురుగు పేర్లు పెట్టిందంటే, తన విమానం చిన్నదని దాచుకోవాలనుకోలేదన్న మాట.

ఈ దేశంలో ఎయిర్‌షోలకు వెళ్ళే అలవాటున్న కుటుంబాలు దీన్ని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటాయి. ఎర్రటి రంగు, భుజాల దగ్గర నుంచి వెనక్కి వాలిన చిన్న రెక్కలు, ముందూ వెనకా రెండు సీట్లు. పక్కన మడతకుర్చీలో కూర్చుని ఫ్లాస్కులో టీ పోసుకుంటున్న పెద్దాయన్ని అడిగితే "పాత రెడ్ ఆరోస్ విమానం" అంటాడు. ఆయన చెప్పింది నిజమే. ఇండియాలో 1965, 1971 యుద్ధాల రోజుల్లో రేడియో చుట్టూ చేరిన తరంవాళ్ళను అడిగితే, అదే పేరు విని పూర్తిగా వేరే కథ చెబుతారు. అదీ నిజమే. ఒకే విమానానికి రెండు దేశాల్లో ఇంత వేర్వేరు జీవితం దొరకడం అరుదు. మన పిల్లలు ఈ రెండు దేశాల మధ్య పెరుగుతున్నారు కాబట్టి, రెండు కథలూ ఒకచోట చెప్పాలనిపించింది.

దీన్ని రూపొందించిన డబ్ల్యూ. ఈ. డబ్ల్యూ. పెట్టర్ అప్పటికే పేరు మోసిన మనిషి. కాన్‌బెర్రా బాంబర్ ఆయనదే, తరవాత లైట్నింగ్‌గా మారిన విమానానికి తొలి రూపమూ ఆయనదే. 1950లో పెద్ద కంపెనీ వదిలేసి, సౌతాంప్టన్ పక్కన హాంబుల్‌లో ఉన్న ఫోలండ్ అనే చిన్న కంపెనీకి వచ్చాడు. యుద్ధవిమానాలు ఏటేటా లావెక్కిపోతున్నాయి, ఖరీదు పెరుగుతోంది, ఇలాగైతే చిన్న దేశాలు వీటిని కొననే లేవు అన్నది ఆయన బాధ.

విమానం లావెక్కడం ఎలా జరుగుతుందో ఒకసారి ఆలోచించండి. ఒక కొత్త పరికరం పెడతారు, పది కిలోలు. ఆ పది కిలోలు మొయ్యడానికి రెక్క కాస్త పెద్దది కావాలి. పెద్ద రెక్కను లాగడానికి ఇంకాస్త బలమైన ఇంజను, ఆ ఇంజనుకు ఇంకాస్త ఇంధనం, ఆ ఇంధనానికి పెద్ద ట్యాంకు, ఆ మొత్తాన్ని నేల మీద నిలబెట్టడానికి లావాటి చక్రాలు. చివరికి పది కిలోలు వందయి కూర్చుంటాయి. మనలో చాలామందికి ఈ లెక్క అనుభవమే. పెద్ద సోఫా కొంటాం, దానికి పెద్ద హాలు కావలసి వస్తుంది, హాలు కోసం పెద్ద ఇల్లు, ఇంటి కోసం పెద్ద అప్పు. పెట్టర్ ఈ గొలుసును వెనక నుంచి పట్టుకున్నాడు. ఒక్కొక్కటే తీసేస్తూ పోతే, తీసేసిన ప్రతి కిలోకీ ఇంకొన్ని కిలోలు వాటంతటవే పోతాయి గదా అన్నాడు.

ఫలితం చూడండి. ఒంటి సీటు నాట్ పొడవు 9 మీటర్లకు లోపు. లండన్ వీధుల్లో తిరిగే డబుల్ డెక్కర్ బస్సు దీనికంటే పొడుగు. రెక్కల కొస నుంచి కొసకు 7 మీటర్లు కూడా లేదు. ఇంధనం, మందుగుండు లేకుండా తూస్తే సుమారు 2,200 కిలోలు, అంటే ఇంచుమించు ఒక రేంజ్ రోవర్ కారు బరువు. ఆ శరీరంలోనే రెండు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు ఇమిడాయి. దిగేటప్పుడు వేగం తగ్గించే పలకలు వేరుగా పెట్టలేదు. చక్రాలనూ వాటి తలుపులనూ సగం దించితే అవే గాలికి అడ్డుపడి బ్రేకు పని చేస్తాయి. పొట్ట నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మెకానిక్కులు నిచ్చెన వేసుకోకుండా నిలబడే చాలా పనులు చేసుకోగలరు. ఇలాంటివి పైకి చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి. కానీ పొలంలాంటి రన్‌వే పక్క నుంచి యుద్ధం చెయ్యాల్సిన దేశానికి నిచ్చెన అక్కరలేకపోవడం కూడా పెద్ద విషయమే.

ఇంజను పేరు ఆర్ఫియస్. బ్రిస్టల్ కంపెనీలో స్టాన్లీ హుకర్ చేతుల్లో పుట్టింది. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది, కాస్త ఓపిక పట్టండి. జెట్ ఇంజనులో ముందు గాలిని నొక్కే చక్రాలు, వెనక వేడి వాయువుకు తిరిగే చక్రం, రెండింటినీ కలిపే ఇరుసు ఉంటాయి. ఇరుసు సన్నగా పొడుగ్గా ఉంటే మధ్యలో ఊగిపోతుంది, కనక నడుమ ఒక బేరింగు ఆనిక కావాలి. బేరింగు అంటే దానికి నూనె, నూనెకు గొట్టాలు, వేడి తగలకుండా కాపుదల. హుకర్ బృందం ఇరుసును లావాటి, పల్చటి గొట్టంలా చేసింది. వెదురు బొంగు ఎందుకు వంగదో అదే సూత్రం. దాంతో నడుమ ఆనిక పోయింది, రెండు కొసల్లో రెండే బేరింగులు మిగిలాయి. ఇంజను తేలికయింది, చౌకయింది, బాగుచెయ్యడం సులువయింది. నాట్‌లో పెట్టింది సుమారు 2,100 కిలోల బలంతో తోసేది.

నాట్ మొదటిసారి ఎగిరింది 1955 జులై 18న. చిన్నదైతేనేం, చురుకైనది, కొద్దిగా ముక్కు దించి దూకితే శబ్దవేగం దాటేది. అయినా బ్రిటిష్ వైమానిక దళం దీన్ని యుద్ధవిమానంగా తీసుకోలేదు. 1958లో ఏడెన్‌లో పోటీ పెట్టి, నేల మీది లక్ష్యాలను కొట్టే పనికి పెద్దదైన హంటర్‌ను ఎంచుకుంది. ఆ నిర్ణయం తప్పని నేననను. నాట్‌లో ఇంధనం తక్కువ, దూరం పోలేదు, బాంబులు ఎక్కువ మొయ్యలేదు. చిన్నదనానికి చెల్లించవలసిన మూల్యం అది. ఫిన్లండ్ డజను పైచిలుకు, యుగోస్లావియా పరీక్షకు రెండు కొన్నాయి. బ్రిటన్ చివరికి రెండు సీట్ల శిక్షణ విమానంగా మార్పించి 105 తీసుకుంది. కుర్ర పైలట్లు వేల్స్‌లోని వ్యాలీ స్థావరంలో దీని మీద జెట్ నడపడం నేర్చుకున్నారు.

ఆ శిక్షకుల్లో కొందరు 1964లో పసుపు రంగు వేసిన నాట్‌లతో ఎల్లోజాక్స్ అనే జట్టు కట్టారు. మరుసటి ఏడు అదే ఆలోచన ఎరుపు రంగులో రెడ్ ఆరోస్ అయింది. 1965లో ఏడు విమానాలతో మొదలై, 1968 నుంచి తొమ్మిదితో ఎగరడం స్థిరపడింది. మొట్టమొదట్లో వాళ్ళ స్థావరం ఫెయిర్‌ఫర్డ్, ఇప్పుడు మనం పిల్లల్ని తీసుకుని పెద్ద ఎయిర్‌షోకి వెళ్ళే అదే ఫెయిర్‌ఫర్డ్. 1979 దాకా నాట్‌లే వాడారు, ఆ తరవాత హాక్‌లు వచ్చాయి. ఇక్కడి పెద్దాయన జ్ఞాపకం ఇదీ.

ఇక మన వైపు కథ. 1956లో ఇండియా లైసెన్సు ఒప్పందం చేసుకుంది. కొన్ని తయారైన విమానాలూ కొన్ని విడిభాగాలూ ఇక్కడి నుంచి వెళ్ళాయి, ఆ తరవాత బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ స్వయంగా తయారుచేసింది. అన్నీ కలిపి రెండు వందలకు పైగా. అంటే పుట్టిన దేశం యుద్ధానికి పనికిరాదన్న విమానాన్ని అందరికంటే ఎక్కువ కొని, యుద్ధానికి పంపింది మనమే. 1965 సెప్టెంబరు 3న ట్రెవర్ కీలర్ తన నాట్‌తో పాకిస్తాన్ సేబర్ జెట్‌ను కూల్చినట్టు ప్రకటన వచ్చింది, వీరచక్ర ఇచ్చారు. అదే నెలలో ఆయన అన్న డెంజిల్ కీలర్‌కు కూడా వీరచక్ర వచ్చింది. సేబర్ అంటే కత్తి. కత్తిని కుట్టి చంపిన నుసుము అన్న మాట పత్రికలకు ఎంత నచ్చి ఉంటుందో ఊహించండి. "సేబర్ సంహారి" అన్న బిరుదు అప్పుడు అంటుకున్నదే.

పిల్లలకు చెప్పేటప్పుడు మిగతా సగం కూడా చెప్పాలని నా ఉద్దేశం. కీలర్ కొట్టిన సేబర్ దెబ్బ తిన్నా తిరిగి వచ్చిందని పాకిస్తాన్ అంటుంది. అదే సెప్టెంబరు 3న మరో నాట్ పాకిస్తాన్‌లోని పస్రూర్ దగ్గర దిగి పట్టుబడింది. దాన్ని కరాచీలో వాళ్ళ వైమానిక దళ మ్యూజియంలో పెట్టుకున్నారు. నాట్ ఫిరంగులు సమయానికి బిగుసుకుపోయేవి, తోకను కదిలించే యంత్రాంగం పైలట్లను సతాయించేది. ఇవన్నీ తెలిసి కూడా ఆ చిన్న కాక్‌పిట్‌లో కూర్చున్నారన్నది నాకు బిరుదు కంటే పెద్దదిగా తోస్తుంది.

1971 నాటి సంగతుల్లో అంత వివాదం లేదు. నవంబరు 22న బొయ్రా దగ్గర, కలకత్తా డమ్‌డమ్ నుంచి లేచిన నాలుగు నాట్‌లు సేబర్లను ఎదుర్కొన్నాయి. దూకి ప్రాణాలు దక్కించుకుని బందీలైన ఇద్దరు పాకిస్తానీ పైలట్లలో ఒకరు పర్వేజ్ మెహ్దీ ఖురేషీ, తరవాతి కాలంలో వాళ్ళ వైమానిక దళానికి అధిపతి అయ్యారు. డిసెంబరు 14న శ్రీనగర్ మీద సేబర్లు బాంబులు వేస్తుంటే, ఆ రన్‌వే మీది నుంచే నాట్‌లో లేచి పోరాడి చనిపోయిన నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్‌కు పరమవీర చక్ర ఇచ్చారు. భారత వైమానిక దళానికి వచ్చిన ఒకే ఒక్క పరమవీర చక్ర అది. పెట్టర్ మాత్రం ఇదేదీ చూడలేదు. 1959లోనే విమానాల ప్రపంచం వదిలేసి, ఒక చిన్న మత సమాజంలో బతకడానికి స్విట్జర్లండ్ వెళ్ళిపోయాడు, 1968లో కన్నుమూశాడు.

తెలుగు వాళ్ళకు ఇంకా దగ్గర చుట్టరికం ఆ ఇంజనుతో ఉంది. ఆర్ఫియస్‌ను కూడా బెంగళూరులో తయారుచేశారు, నాట్ తరవాత కిరణ్ మార్క్-2 అనే శిక్షణ విమానంలో పెట్టారు. ఆ కిరణ్‌లతోనే 1996లో సూర్యకిరణ్ జట్టు తయారయింది, మన జహీరాబాదు దాటితే వచ్చే బీదర్‌లో. ఇక్కడ రెడ్ ఆరోస్‌ను మొదట ఎగరేసిన ఇంజను కుటుంబమే అక్కడ సూర్యకిరణ్‌ను 2011 దాకా ఎగరేసింది. ఆ తరవాత, 2015లో, వాళ్ళూ హాక్‌లకే మారారు. రెండు జట్లూ ఒకే దారిలో నడిచాయి, ముప్పై ఏళ్ళ ఎడంతో.

సరే, మైదానంలో కూర్చున్నాం. పిల్లలు "ఏదీ, ఏదీ?" అంటుంటారు, పెద్దలు శబ్దం వచ్చిన వైపు వేలు చూపిస్తారు, అక్కడ ఏమీ ఉండదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. విమానం కిలోమీటరు దూరంలో ఉంటే దాని మోత మన చెవికి చేరడానికి మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో గంటకు 700 కిలోమీటర్లకు పైగా పోతున్న జెట్ 600 మీటర్లు ముందుకు వెళ్ళిపోతుంది. కాబట్టి శబ్దానికి ముందు చూడాలి, దాని వైపు కాదు. నాట్ ఇంత చిన్నది కావడంతో ఎదురుగా వస్తుంటే ఒక చుక్క, పక్కకు తిరిగితేనే విమానం. రంగు పొగ వదిలేది అందంకోసమే అనుకుంటాం. వేడి వాయువులోకి డీజిలు చిమ్మితే తెల్ల పొగ, అందులో రంగు కలిపితే ఎర్ర పొగ, నీలి పొగ. పైలట్లకు గాలి ఎటు వీస్తోందో, తోటి విమానం ఎక్కడుందో చెప్పేదీ ఆ పొగే.

ఇక నిలువు చక్రం, ఇంగ్లీషులో లూప్ అంటారే, అది. పైకి లేస్తున్నకొద్దీ వేగం కరిగిపోతుంది, ఎత్తు కూడుతుంది. వేగాన్ని ఎత్తు అనే బ్యాంకులో దాచుకుంటున్నట్టు. శిఖరం దగ్గర తలకిందులుగా ఉన్నప్పుడు పైలట్ ఖాతా చూసుకోవాలి. దాచింది సరిపడా ఉంటేనే కిందికి లాగాలి, ఎందుకంటే దిగి నిటారుగా రావడానికి ఎంత ఎత్తు ఖర్చవుతుందో ముందే నిర్ణయమై ఉంటుంది. తక్కువుంటే విమానాన్ని అక్కడే తిప్పి మామూలు స్థితికి తెచ్చుకుని, చక్రం పూర్తి చెయ్యకుండా వెళ్ళిపోవాలి. చూసేవాళ్ళకు అది అసంపూర్ణంగా కనిపించవచ్చు, కనిపించనివ్వండి.

2015 ఆగస్టు 22న షోరమ్‌లో ఆ ఖాతా సరిపోలేదు. నాట్‌కు పోటీగా గెలిచిందని చెప్పానే, ఆ హంటర్ జాతి విమానమే. కావలసినదాని కంటే తక్కువ వేగంతో, ఇంజను పూర్తి బలం వాడకుండా చక్రంలోకి వెళ్ళింది, శిఖరం దగ్గర కనీసం 3,500 అడుగులు ఉండాల్సింది సుమారు 2,700 దగ్గరే ఆగింది అని ప్రమాద పరిశోధకులు 2017లో తేల్చారు. అయినా కిందికి వచ్చింది. విమానాశ్రయం పక్కనున్న ఏ27 రోడ్డు మీద పడింది. పదకొండు మంది చనిపోయారు. అందరూ ప్రదర్శన మైదానం బయట, రోడ్డు మీద ఉన్నవాళ్ళే. పైలట్ బతికాడు. 2019లో జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. 2022లో మరణ విచారణ జరిపిన కరోనర్ మాత్రం ఆ పదకొండు మందివీ చట్టవిరుద్ధంగా జరిగిన మరణాలని తీర్పు చెప్పారు. దానికి మూడు వారాల ముందే, ఆగస్టు 1న, చెషైర్‌లోని ఔల్టన్ పార్క్‌లో ఒక నాట్ విన్యాసం చేస్తూ కూలి దాని పైలట్ మరణించాడు.

షోరమ్ తరవాత రెండు రోజులకు ఇక్కడి పౌర విమానయాన సంస్థ, పాత జెట్‌లు నేల మీద ప్రదర్శన ఇచ్చేటప్పుడు పల్టీలు, చక్రాలు ఆపి, మామూలుగా ఎదుట నుంచి దాటిపోవడానికే పరిమితం కావాలని ఆదేశించింది. విమానాల అభిమానులు చాలామంది బాధపడ్డారు. పులిని తెచ్చి పిల్లిలా నడిపిస్తున్నారన్న ధోరణిలో మాట్లాడేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ వాదన నచ్చదు. టికెట్టు కొని లోపల కూర్చున్నవాడికి తానెక్కడికి వచ్చాడో తెలుసు. రోడ్డు మీద కారులో పోతున్నవాడిని ఎవరు అడిగారు?

హైదరాబాదు వాళ్ళకు ఈ ప్రశ్న కొత్త కాదు. 2010 మార్చి 3న బేగంపేట విమాన ప్రదర్శనలో నౌకాదళం వారి సాగర్ పవన్ జట్టు కిరణ్ ఒకటి బోయినపల్లిలో ఇళ్ళ మధ్య కూలింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు, కింద ఉన్నవాళ్ళలో కొందరికి గాయాలయ్యాయి. బేగంపేట కట్టినప్పుడు చుట్టూ ఊరు లేదు. ఊరు వచ్చి చేరింది. షోరమ్ పక్క రోడ్డు సంగతీ ఇంచుమించు అంతే.

పాత జెట్‌తో వచ్చే చిక్కు విన్యాసం ఒక్కటే కాదు. ఫోలండ్ కంపెనీ 1959లోనే హాకర్ సిడ్లీలో కలిసిపోయింది, పేరు కూడా మిగల్లేదు. తలుపు తట్టి భాగం అడగడానికి ఇల్లే లేదు. రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, వైర్ల తొడుగులు పొడి అవుతాయి. పైలట్‌ను బయటికి ఎగరేసే సీటులో పేలుడు మందు ఉంటుంది, దానికి గడువు ఉంటుంది, గడువు తీరినదాన్ని మార్చాలంటే తయారుచేసేవాడుండాలి. అందుకే వీటికి మామూలు విమానాల సర్టిఫికెట్టు ఇవ్వరు, షరతులతో కూడిన పర్మిట్ ఇస్తారు. నాట్‌లో హైడ్రాలిక్ బలం పోతే తోకను చేత్తో సర్దుకుంటూ దింపడానికి ఒక వరస ఉంది. అప్పటి కుర్రవాళ్ళు దాన్ని ఎక్కాల్లా బట్టీ పట్టేవారు. ఆ కుర్రవాళ్ళకు ఇప్పుడు మనవలున్నారు. ఎసెక్స్‌లోని నార్త్ వీల్డ్‌లో ఏళ్ళ తరబడి సొంత డబ్బుతో, విరాళాలతో, సెలవు రోజుల్లో నాట్‌లను బాగుచేసి ఎగరేసినవాళ్ళను చూస్తే, మన ఊళ్ళలో పాత రథాన్ని ఏడాదికొకసారి కదిలించడానికి పది నెలలు ఇరుసుకు ఆముదం పట్టించే పెద్దవాళ్ళు గుర్తొస్తారు.

అయితే పూర్తిగా ఆపేసి మ్యూజియంలో పెట్టేస్తే పోలేదా? అలా అనేవాళ్ళూ ఉన్నారు. ఆర్ఫియస్ మోత వినకుండా, ఆ చుక్క విమానంగా మారే క్షణం చూడకుండా ఈ యంత్రం అర్థం కాదని నా అభిప్రాయం. దానికి పల్టీలు అక్కరలేదు. తగిన ఎత్తులో, జనం లేని వైపు నుంచి ఒకసారి ఒరిగి దాటిపోతే చాలు. రెక్కలు ఎంత చిన్నవో, ఎంత ఒడుపుగా తిరుగుతుందో ఆ ఒక్క మలుపులోనే తెలిసిపోతుంది.

దగ్గరగా చూడాలనుకునేవాళ్ళు సౌతాంప్టన్‌లోని సోలెంట్ స్కై మ్యూజియానికి వెళ్ళండి. హాంబుల్‌కు ఎంతో దూరం కాదు. అక్కడున్నది ఎర్ర రంగు శిక్షణ విమానం కాదు, ఒంటి సీటు నాట్, అంబాలా, డమ్‌డమ్, శ్రీనగర్‌లలో ఎగిరిన రకం. పిల్లల్ని కాక్‌పిట్ పక్కన నిలబెట్టి, లోపల వాళ్ళ నాన్న పడతాడేమో చూసి చెప్పమనండి.